మెహందీ డబ్బాలో ఏమున్నది?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పుకొనే వాళ్ళము. డాక్టర్లము కాము, హకీములము కాము. మా తెలుగులో ఎక్కడైనా తడబాటు ఉంటే మన్నించగలరు.

కార్యదర్శిగారు ప్రసంగానికి విషయం అడిగినప్పుడు "తలవెంట్రుకలు" అని చెప్పాము. ఆయన మా ముఖం వంక కాసేపు చూసి, "మాస్టరుగారూ, పోయిన ఏడు వక్ఫు ఆస్తుల మీద మాట్లాడారు, అంతకు ముందేడు విద్యార్థి వేతనాల మీద. ఈ ఏడు వెంట్రుకలా?" అన్నారు. నవ్వవలసిందే. మేమూ నవ్వాము. కాని ఈ వెంట్రుకల సంగతి మా ఇంట్లో ఒక పెళ్ళినాడు ఎంతవరకు వచ్చిందో ఆయనకు చెప్పిన తరువాత, "ఇది అందరూ వినాలి, వ్రాసి కూడ ఇవ్వండి" అన్నారు. అదే మొదట మనవి చేస్తాము.

మా పెద్దక్క, మేము ఆపా అని పిలుస్తాము, యాభై దాటిన మనిషి. జుట్టు నెరిసింది. మా అమ్మీ నెరిసిన జుట్టుకు మెహందీ పెట్టుకొనేది, ఆపా కూడ మొదట అదే పెట్టుకొన్నది. అమ్మీ పద్ధతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇనప మూకుడులో మెహందీ పొడి పోసి, టీ డికాక్షను, ఇంత పెరుగు, నిమ్మరసం వేసి రాత్రంతా నానబెట్టడం, తెల్లారి తలకు పట్టించి పాత గుడ్డ చుట్టుకొని రెండు మూడు గంటలు కూర్చోవడం. ఇల్లంతా పచ్చిగడ్డి వాసన. ఎర్రగా పండేది. ఆపాకు ఆ ఎరుపు నచ్చేది కాదు. "ముసలమ్మలాగున్నాను" అనేది. ఖిజాబు వేసుకోవడానికి మనసొప్పేది కాదు. అందులో మందులుంటాయని భయం, నల్లరంగు వేసుకోరాదన్న మాట చిన్నప్పటి నుంచీ విని ఉన్న జంకు.

అప్పుడు మేమే ఒక చిన్న డబ్బా తెచ్చి ఇచ్చాము. "నల్ల మెహందీ" అని దానిమీద పెద్ద అక్షరాలు. పక్కన ఆకు బొమ్మ, ఉసిరికాయ బొమ్మ. "సహజమైనది" అని ఒక పట్టీ. నీళ్ళలో కలిపి పూసుకొంటే ఇరవై ముప్పయి నిమిషాలలో నల్లగా వస్తుంది. ఆపా సంతోషం చెప్పనలవి కాదు. "మెహందీయే కదా, సున్నతు కూడాను" అన్నది. మూడేండ్లు వాడింది. ఏమీ కాలేదు.

నాలుగో ఏట ఆమె కూతురు నిఖా ఆదివారం నాడు. గురువారం నాడు ఆపా తలకు పెట్టుకొన్నది. శుక్రవారం రాత్రికి నెత్తిన దురద. శనివారం పొద్దున చెవులు, నుదురు వాచాయి. నుదుటి మీద నీటి పొక్కులు. దగ్గరలో ఉన్న డాక్టరుగారి దగ్గరకు తీసుకొని పోయాము. ఆయన సరైన ప్రశ్నే అడిగారు: "తలకు రంగేమన్నా వేశారా అమ్మా?"

ఆపా చెప్పిన జవాబు: "లేదండీ. మెహందీయే."

ఆమె అబద్ధం చెప్పలేదు. పక్కన నిలబడి మేమూ తల ఊపాము. రంగు వేయలేదన్నాక ఆయన పెళ్ళింటి తిండి మీద అనుమానపడి, దానికి తగిన సూది, మాత్రలు ఇచ్చి పంపారు. ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు. ఇంటికి వచ్చాక ఆపా ఆ తలను కడుక్కోలేదు, చుట్టాల ముందు నల్లగా ఉండాలని. ఆదివారం మధ్యాహ్నానికి రెండు కళ్ళూ మూసుకుపోయాయి. రుఖ్సతీ వేళ కూతురు వచ్చి తల్లిని కౌగిలించుకొంటే, ఆపా చేతులతో తడిమి "దుపట్టా సరిగా ఉన్నదా, నగ పెట్టారా" అని అడిగింది. కూతురును పెళ్ళికూతురుగా ఆమె కళ్ళతో చూడనే లేదు. ఫొటోలలో చూసింది, మూడు వారాల తరువాత.

సోమవారం చర్మవ్యాధుల డాక్టరుగారు చేసిన మొదటి పని, "ఆ డబ్బా తెండి" అనడం. తెచ్చాము. భూతద్దం తీసి చదివారు. వెనుక వైపు, అడ్డపట్టీ కింద, ఆవగింజంత అక్షరాలలో పదార్థాల పట్టిక ఉన్నది. అందులో మెహందీ ఉన్నది. దానితోపాటు "పారా ఫినైలిన్ డయమిన్" అని కూడ ఉన్నది. దాని కింద హెచ్చరిక కూడ ఉన్నది, తెలుగులో కూడ ఉన్నది. "వాడే ముందు చర్మం మీద పరీక్షించుకోవలెను" అని. ఇరవై ఏండ్లుగా పిల్లలకు చదువు చెబుతున్నాము. ఆ డబ్బాను డబ్బులిచ్చి కొన్నవాళ్ళము మేమే. ఒక్కసారి తిప్పి చదవలేదు.

ఇంతకూ ఆ పదార్థం ఏమిటి? మామూలు మెహందీ ఏమిటి? ఇక్కడ కొంచెం పాఠం చెప్పనివ్వండి.

మెహందీ ఆకులో, అంటే మన గోరింటాకులో, లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఆకు నలిగి, తడిసి, కొన్ని గంటలు నానితే గాని అది సరిగా బయటకు రాదు. వెంట్రుక, గోరు, పైచర్మం, ఇవన్నీ కెరటిన్ అనే ఒకే జాతి మాంసకృత్తుతో తయారయినవి. లాసోన్ పోయి ఆ కెరటిన్‌ను పట్టుకొంటుంది. అందుకే అరచేయి పండుతుంది, గోరు పండుతుంది, తెల్లజుట్టు పండుతుంది. దాని రంగు నారింజ నుంచి ఎరుపు, ముదురు గోధుమ వరకు. నలుపు మాత్రం కాదు. రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్ మెహందీకి పేరుపొందిన ఊరు, 2021లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. ఆ సోజత్ ఆకు తెచ్చి రుబ్బినా ఎర్రగానే పండుతుంది. ప్రపంచంలో నల్లగా పండే గోరింట చెట్టు అల్లాహ్ సృష్టించలేదు. కాబట్టి ముప్పయి నిమిషాలలో జుట్టును నల్లగా చేసే పొడి మీద ఏ బొమ్మ ఉన్నా, ఏ పేరు ఉన్నా, నలుపు వేరొకచోట నుంచి వచ్చినట్లే.

ఆ వేరొకటి చాలా డబ్బాలలో ఈ పారా ఫినైలిన్ డయమిన్. పొట్టిగా పి.పి.డి. అంటారు. ఇది రసాయన పరిశ్రమ తయారుచేసిన సరుకు. దాని పని తమాషాగా ఉంటుంది. మొదట అది చాలా చిన్న కణం, రంగు కూడ పెద్దగా లేదు. చిన్నది కాబట్టి వెంట్రుక లోపలికి సులువుగా దూరుతుంది. లోపలికి పోయాక గాలిలోని ప్రాణవాయువుతోగాని, డబ్బాతో వచ్చే పెరాక్సైడుతోగాని కలిసి, ఒకదానికొకటి ముడిపడి పెద్ద నల్లని కణాలవుతుంది. ఇక బయటకు రాలేదు. అందుకే ఆ నలుపు నిలుస్తుంది, మెరుస్తుంది. ఇంత బాగా పనిచేసేది మరొకటి దొరకక పోవడం వల్లనే వందేండ్లు దాటినా కంపెనీలు దానిని వదలలేదు.

అదే చిన్న కణం నెత్తి చర్మంలోకి కూడ దూరుతుంది. అందరికీ హాని చేస్తుందని మేము అనము. లక్షలమంది వాడుతున్నారు, బాగానే ఉన్నారు. కాని కొందరి శరీరం దానిని శత్రువుగా పేరు వ్రాసుకొంటుంది. మా భాషలో చెప్పాలంటే హాజరు పట్టీలో ఎర్రసిరాతో గుర్తు పెట్టుకొన్నట్లు. గుర్తు పెట్టుకొన్న రోజున ఏమీ కనిపించదు. మరుసటిసారి వచ్చినప్పుడు ఒకటి నుంచి మూడు రోజులలో తిరగబడుతుంది. "మూడేండ్లు వాడాను, ఇప్పుడెందుకు వస్తుంది?" అని ఆపా అడిగింది. మూడేండ్లు వాడినందుకే వచ్చింది. ఒకసారి వచ్చినవారికి సాధారణంగా జన్మంతా ఉంటుంది. పైగా దానికి చుట్టాలున్నాయి. కొన్ని వస్త్రాల నల్లరంగులు, నొప్పి తెలియకుండా పూసే కొన్ని మందులు, కొన్ని సల్ఫా మందులు కూడ అటువంటివారికి సరిపడకపోవచ్చు. ఆపాకు డాక్టరుగారు ఒక చీటీ వ్రాసి ఇచ్చి, ఏ డాక్టరు దగ్గరకు పోయినా ఇది చూపమన్నారు. ఆమె దానిని దువాల పుస్తకంలో పెట్టుకొన్నది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కూడ అనలేము. మన దేశపు చట్టం ప్రకారం పి.పి.డి. ఉన్న తలరంగు మీద ఇంగ్లీషులోను, స్థానిక భాషలలోను హెచ్చరిక వేయాలి. కనురెప్పల వెంట్రుకలకు, కనుబొమలకు వాడితే కళ్ళు పోవచ్చునని కూడ వేయాలి. యూరపు దేశాలలో తలకు పూసేటప్పటికి అది 2 శాతం మించరాదు. అమెరికాలో మెహందీని తలకు రంగుగా మాత్రమే ఒప్పుకొన్నారు, చర్మం మీద పూసే సరుకుగా ఒప్పుకోలేదు. ఈ చివరి మాట వింటే మన ఆడపడుచులకు నవ్వు వస్తుంది. కాని ఈదుకు ముందు చాంద్ రాత్ నాడు బజారులో కొనే కోన్లు ఒకసారి తలచుకోండి. పది నిమిషాలలో పండుతుందన్న కోన్ ఏ ఆకుతో చేశారు? 2024లో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు హైదరాబాదులో అమ్ముతున్న కోన్లలో పిక్రామిక్ యాసిడ్ అనే కృత్రిమ రంగును పట్టుకొన్నారు. పైన పేరు మెహందీయే.

పసిబిడ్డల విషయం ఒకటి ఇక్కడే చెప్పి ముందుకు పోతాము. అసలైన మెహందీ కూడ అందరికీ కాదు. కొందరికి పుట్టుకతోనే రక్తంలో జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అటువంటి పసికందుకు ముద్దుగా చేతులకు, కాళ్ళకు మెహందీ పెడితే రక్తకణాలు విరిగి, కామెర్లు వచ్చి, ప్రాణం మీదికి వచ్చిన సంగతులు వైద్యులు నమోదు చేశారు. బిడ్డకు ఆ లోపం ఉన్నదో లేదో మనకు తెలియదు. కాబట్టి అఖీఖా సంబరంలో తల్లి చేతులకు పెట్టండి, బిడ్డ చేతులు వదిలేయండి.

"సహజమైనది మంచిది, మందులది చెడ్డది" అని గీత గీసుకొంటే సులువుగా ఉండేది. ఆ గీత నిలవదు. మా బడిలో మేము చూసిన మాట చెబుతాము.

పేలు. మేము పనిచేసిన ప్రతి బడిలోను ఉన్నాయి. మన ఇండ్లలో పేలకు రెండు మందులు. ఒకటి కిరసనాయిలు, రెండోది సీతాఫలం గింజల పొడి. కిరసనాయిలు సహజమని ఎవరూ అనరు గాని, "పాతకాలం మందు" అన్న గౌరవం ఒకటి దానికి ఉన్నది. నెత్తి కాలుతుంది, పొయ్యి దగ్గరకు పోతే ఒళ్ళే కాలుతుంది. సీతాఫలం గింజ మాత్రం నూటికి నూరుపాళ్ళు చెట్టు సరుకు. పేలను చంపే మాట నిజమే. కాని ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర పుండు పడుతుంది. ఒక శుక్రవారం పూట మా తరగతి పిల్ల ఒకతె, మరునాడు బడికి వచ్చినప్పుడు రెండు కళ్ళూ తెరవలేక గోడ పట్టుకొని నడిచింది. తల్లి గింజలు నూరి నూనెలో కలిపి పట్టించిందట. కంటి డాక్టరు దయవల్ల, అల్లాహ్ దయవల్ల చూపు దక్కింది. అదే పేలకు మందుల షాపులో దొరికే పెర్మెత్రిన్ 1 శాతం మందు కృత్రిమమైనదే. చెప్పినట్లు పూసి పది నిమిషాలకు కడిగితే, వారం పది రోజులకు ఇంకొకసారి పెడితే సరిపోతుంది. ఇంకొకసారి ఎందుకంటే, ఈపులు పొదగడానికి సుమారు అన్ని రోజులు పడుతుంది. మొదటిసారి పేలు చస్తాయి, ఈపులు కొన్ని మిగులుతాయి. దీనితోపాటు సన్నపండ్ల దువ్వెన, ఇంట్లో అందరికీ ఒకేసారి. ఇంతకంటె పెద్ద రహస్యం లేదు.

తలలో పేలున్నాయని ఆడపిల్లను బడి మాన్పించిన ఇల్లు మాకు తెలుసు. అందరి ముందూ వెనుక బల్లమీద కూర్చోబెట్టిన మాస్టర్లూ తెలుసు, ఒకప్పుడు ఆ తప్పు మేమూ చేశాము. పేలు మురికి తలకే పడతాయన్నది అబద్ధం. తలకు తల తగిలితే శుభ్రమైన జుట్టులోకి కూడ ఎక్కుతాయి.

ఇక తలంటు. గురువారం రాత్రి అమ్మీ కుంకుడుకాయలు రాతితో చితక్కొట్టి వేడినీళ్ళలో వేసి ఉంచేది, జుమా గుస్ల్ కోసం. ఉర్దూలో రీఠా అంటాము. కళ్ళు మండి మేము చేసిన గోల ఇప్పటికీ జ్ఞాపకం. కుంకుడులో సపోనిన్ అనే నురుగు పదార్థం ఉంటుంది, అది జిడ్డును నీళ్ళలో కలిపి తీసేస్తుంది. శీకాయ కూడ అంతే. అవి జుట్టుకు మంచివే. కడగడం కొంచెం కష్టం, పిప్పి మిగులుతుంది. తీరిక ఉన్నవారు నిస్సందేహంగా వాడుకోవచ్చు.

షాంపూ ఏమిటంటే, ఆ నురుగు పనిని ఫ్యాక్టరీలో చేసిన పదార్థంతో చేయించడం. ఆ పదార్థాలలో చాలా వాటికి మూలసరుకు కొబ్బరినూనో, పామాయిలో. అంటే మొదలు చెట్టు దగ్గరే, తుది ఫ్యాక్టరీలో. దానిని సహజమనాలా, కృత్రిమమనాలా? మాకైతే ఆ ప్రశ్న కంటె మన బోరునీళ్ళ ప్రశ్న పెద్దది. మన వైపు చాలా బోర్లలో ఉప్పునీళ్ళు. ఒంటి సబ్బుతో తల రుద్దితే ఆ నీళ్ళలోని సున్నంతో కలిసి తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకలకు పట్టుకొంటుంది. సబ్బు క్షారం కూడ, నెత్తి చర్మం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది. "శీకాయ సబ్బు" అని అమ్మేది కూడ చాలావరకు సబ్బే. అందులో శీకాయ ఎంతో పట్టిక చూస్తే తెలుస్తుంది. అటువంటి నీళ్ళకు ఒక మామూలు షాంపూ పాకెట్టు సబ్బు కంటె మేలు. వారానికి రెండుసార్లు చాలు.

షాంపూ అన్న మాట మనదే. చంపీ అంటాము కదా, నూనె పెట్టి మర్దన చేయడం, ఆ హిందుస్తానీ మాటే ఇంగ్లీషువాళ్ళ నోట షాంపూ అయింది. దానిని ఆ దేశంలో పేరుకు తెచ్చినవారు మన మనిషి. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్. ఇంగ్లాండులో బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానాలు, మర్దన చేసే హమామ్ పెట్టి, రాజు నాల్గవ జార్జికే షాంపూ వైద్యుడుగా నియమితుడైనాడు. 1851లో అక్కడే కన్నుమూశాడు. ఆయన కాలంలో షాంపూ అంటే మర్దనే, నురుగు సీసా కాదు. పిల్లలకు ఈ కథ చెబితే చాలా ఇష్టపడతారు.

నూనె గురించి ఒక్క మాట. ఉసిరి బొమ్మ, బాదం బొమ్మ ఉన్న నూనెసీసాలు తిప్పి చూడండి. పదార్థాలను ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనుక వచ్చేటట్లు వ్రాయాలన్నది నియమం. చాలా సీసాలలో మొదటి పేరు మినరల్ ఆయిల్, లేక లైట్ లిక్విడ్ పారఫిన్. అది పెట్రోలియం నుంచి తీసినది. ఉసిరి ఎక్కడో తోకలో ఉంటుంది. పైపైన నునుపు ఇస్తుంది, హాని ఏమీ లేదు. కాని ఉసిరికని డబ్బిచ్చి పారఫిన్ కొనుక్కొంటున్నాము. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి మాంసకృత్తు పోకుండా కొంత కాపాడుతుందని, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదని 2003లో ముంబయి శాస్త్రవేత్తలు పరీక్షచేసి ప్రకటించారు. ఏ నూనె అయినా కొత్త వెంట్రుకలు మొలిపిస్తుందంటే మాత్రం నమ్మకండి. కనిపించే వెంట్రుక ప్రాణంలేని దారం, నెలకు ఒక సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ వేరు దగ్గర నుంచి పెరుగుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వెనలో చూసి బెంగపడే చెల్లెండ్ర కోసం ఈ లెక్క.

మళ్ళీ డబ్బా దగ్గరకు వస్తాము, ఎందుకంటే అసలు మాట అక్కడే ఉన్నది.

జుట్టున్నవారు దానిని గౌరవంగా ఉంచుకోవాలన్నది మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధ. మక్కా విజయం నాడు, హిజ్రీ 8లో, హజ్రత్ అబూబక్ర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫాను తెల్లని తల, గడ్డంతో తీసుకొని వచ్చినప్పుడు, ఈ తెలుపును మార్చండి, నలుపును మాత్రం వదలండి అన్న భావంగా సెలవిచ్చారని హదీసులో ఉన్నది. మెహందీ, కతమ్ ఆకు వాడిన సంగతీ హదీసులలో ఉన్నది. నలుపు విషయంలో ఉలమాలలో భేదాభిప్రాయాలున్నాయి, అది మేము తేల్చేది కాదు, మౌలానా సాహెబు ఎదుటే ఉన్నారు. మేము చెప్పేది వేరు. మెహందీ అన్న మాటకు మన ఇండ్లలో ఒక ఇజ్జతు ఉన్నది. ఆ మాట వినగానే మనం ఇక ప్రశ్నలు వేయము. ఆ డబ్బాను అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు. "ఖిజాబ్" అని వ్రాసి ఉంటే ఆపా భయపడి తిప్పి చూసేది, డాక్టరు అడిగితే "అవును, రంగు వేశాను" అని చెప్పేది. రెండు రోజుల ముందే సరైన మందు పడేది. పొడి వల్ల వాచింది సగం, పేరు వల్ల వాచింది సగం.

నలుపే కావాలనుకొనేవారికి చెట్టు దారి కూడ ఒకటి ఉన్నది. మొదట మెహందీ పెట్టి కడిగి, తరువాత నీలి ఆకు పొడి పెడితే నలుపుకు దగ్గరగా వస్తుంది. నీలి మనకు కొత్త కాదు. ఒకప్పుడు కడప జిల్లా పొలాలలో పండింది. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని మార్కెట్టులో దించాక ఆ పంట మూలపడింది. ఇది ఓపిక ఉన్నవారి పని, అరపూట పోతుంది. ఆ పాకెట్టును కూడ తిప్పి చదవవలసిందే, కొందరు అందులోనూ కలుపుతున్నారు. ఖిజాబే వేసుకొంటామంటే వేసుకోండి. కాని చెవి వెనుక బొట్టంత పెట్టి, డబ్బా మీద చెప్పిన పద్ధతిలో రెండు రోజులు చూసుకొని వేసుకోండి. ప్రతిసారీ చూసుకోండి, పోయినసారి ఏమీ కాలేదని మానవద్దు. దురద వచ్చిన వెంటనే తల కడగండి, డబ్బాతో సహా డాక్టరు దగ్గరకు పొండి.

ఇంకొకటి చెప్పాలి. పెండ్లి మాటల నడుమ చెప్పడానికి నోరు రావడంలేదు గాని చెప్పకపోతే తప్పు. తలరంగు కడుపులోకి పోతే విషం. గొంతు, నాలుక వాచి ఊపిరి అందదు, కండరాలు దెబ్బతింటాయి, మూత్రపిండాలు ఆగిపోతాయి. దీనికి విరుగుడు మందు అంటూ లేదు. మన రాయలసీమలో ఇటువంటి ప్రాణాపాయాలు ఎన్నో వచ్చాయని తిరుపతి, కర్నూలు వైద్యులు వైద్య పత్రికలలో వ్రాశారు. వచ్చినవారిలో వయసులో ఉన్న ఆడవాళ్ళు ఎక్కువ. కనుక ఇంట్లో ఆ డబ్బా కిటికీలో అద్దం పక్కన ఉండరాదు, తాళం కింద ఉండాలి. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేనట్లు కనబడితే అసలు ఇంట్లోనే ఉండరాదు. వారిని ఒంటరిగా వదలకండి, దగ్గర కూర్చోండి, మాట్లాడనివ్వండి. ఎవరైనా మింగినట్లు అనుమానం వస్తే, వాంతి చేయించే ప్రయత్నాలు, ఇరుగుపొరుగుకు తెలుస్తుందన్న ఆలోచనలు మాని, ఆ నిమిషమే పెద్దాసుపత్రికి తీసుకొనిపోండి. డబ్బా వెంట తీసుకొనిపోండి. మొదటి గంటలలో ఊపిరి నిలబెట్టగలిగితే, మూత్రపిండాలను మిషను మీద పెట్టగలిగితే బ్రతికి బయటపడినవారు ఉన్నారు.

ఆపా ఇప్పుడు మళ్ళీ ఇనప మూకుడు దింపింది. జుట్టు ఎర్రగా ఉన్నది. మనుమరాలు "నానీ, నీ తల సాయంత్రంలాగా ఉన్నది" అంటుందట. మొదట చిన్నబుచ్చుకొన్నది గాని, ఇప్పుడు అందరికీ చెప్పుకొంటుంది. మమ్మల్ని మాత్రం ఆ డబ్బా గురించి ఒక్క మాట అనలేదు. పెళ్ళి ఫొటోల ఆల్బము మా ముందు ఎప్పుడూ తీయదు, అంతే.

హాలు చివర, నీళ్ళ కుండల పక్కన ఒక బల్ల వేయించాము. బజారులో దొరికే పొడులు, కోన్లు, నూనెలు, తలరంగులు ఇరవై దాకా తెచ్చి పెట్టాము. పేర్లమీద కాగితం అంటించాము, ఎవరినీ నొప్పించడం మా ఉద్దేశం కాదు. వెనుక వైపు మాత్రం తెరిచే ఉంచాము. బడి లాబొరేటరీ నుంచి రెండు భూతద్దాలు హెడ్మాస్టరుగారి అనుమతితో తెచ్చాము, సాయంత్రం తిరిగి ఇవ్వాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు అక్కడ నిలబడి ఉంటారు, పట్టిక చదివి వినిపిస్తారు. ఆడవారికి వేరుగా, పరదా వైపు ఇంకొక బల్ల ఉన్నది, అక్కడ ఆపాయే కూర్చున్నది. భోజనాలు వడ్డించేలోగా ఒకసారి అటు వెళ్ళి రండి.